పళ్ల సెట్టుతో ఆరేళ్లు: పైదానికి ఎనిమిది మార్కులు, కిందదానికి మూడు

నాకిప్పుడు 64. చిగుళ్ల జబ్బుతో పళ్లు ఒక్కొక్కటే కదిలిపోతుంటే ఆరేళ్ల కింద మిగిలినవీ తీయించేసి, పైనా కిందా పళ్ల సెట్టు కట్టించుకున్నాను. ఇంప్లాంట్లు, అంటే దవడ ఎముకలో మరల్లా బిగించేవి, వేయించుకోమ్మా అని మా అబ్బాయి పోరుపెట్టాడు. ఖర్చు, షుగరు, దవడ ఎముకకు రంధ్రం పెడతారన్న భయం... "తీసిపెట్టుకునేవి చాలు నాయనా" అన్నాను. ఆ రోజు క్లినిక్కులో నా పక్కన కూర్చున్న ఇద్దరు ముసలాళ్లూ అడిగింది తీసిపెట్టుకునేవే.

పై సెట్టు బాగుంది. అంగిలంతా పరుచుకుని తడికి అతుక్కుంటుంది. నవ్వినా, ఆవలించినా జారదు. కాకపోతే ముందు పళ్లతో కొరక్కూడదు. నేను జాకెట్లు కుడతాను. ముప్పై ఏళ్లుగా దారం పళ్లతో తెంపడమే అలవాటు. సెట్టు పెట్టిన నాలుగో రోజు హెమ్మింగు ముగించి దారం కొరికి లాగానో లేదో, వెనకవైపు టప్పున ఊడి సెట్టు నాలుక మీద పడింది. ఎదురుగా కొలతలివ్వడానికొచ్చిన పెళ్లికూతురు! అప్పట్నించీ చిన్న కత్తెర మెళ్లో వేలాడదీసుకుంటున్నాను. జామకాయైనా ముక్కలు కోసుకుని, రెండు దవడలా సమంగా నమలాల్సిందే. మొదటి రెండు వారాలు "శనివారం ఇస్తానమ్మా" అంటే మాటకు ముందు ఈల వచ్చేది. పేపరు పైకి చదివితే పోయింది.

ఇక కింద సెట్టు. లాడంలా సన్నగా ఉంటుంది, పట్టుకోవడానికి అంగిలి లేదు, పైగా నాలుక నెడుతూనే ఉంటుంది. పచ్చట్లో మిరపగింజ ఒక్కటి కిందికి దూరిందా, చెప్పులో రాయే. ఏడాదిన్నరకే వదులైంది. పళ్లు తీశాక ఎముక కరుగుతుందట, కింద దవడలో ఇంకా ఎక్కువట. చిగుళ్లకు సరిగ్గా ఆనేలా లోపల కొత్త పొర, అదే రీలైనింగు, వేయించాను. మనిషి చిక్కితే జాకెట్టు సైడు కుట్లు బిగించినట్టే. నా కోపం ఒక్కటే. అప్పటికి కింద రెండు కోరపళ్లు గట్టిగానే ఉన్నాయి. "అన్నీ తీసేస్తే పని సులువు" అని వాటినీ పీకేశారు. వాటి వేర్లు ఉంచి పైన సెట్టు కూర్చోబెడితే పట్టూ దొరికేది, అక్కడ ఎముకా నిలిచేదని తర్వాత ఇంకో డాక్టరు చెప్పారు. మీరు ముందే అడగండి.

కడగడం పెద్ద పనేం కాదు. పేస్టు వద్దు, గీతలు పడతాయి. మెత్తటి బ్రష్షు, సబ్బు, చన్నీళ్లు. మరిగే నీళ్లు పోస్తే వంకరపోతుంది. సింకులో జారి ఒకసారి పై సెట్టు రెండు ముక్కలైంది, అతికించేదాకా రెండు రోజులు జావే గతి. అప్పట్నించీ కింద నీళ్ల గిన్నె పెట్టుకుని కడుగుతున్నాను. రాత్రి తీసి నీళ్లలో వేస్తాను. పెట్టుకునే పడుకున్న రోజుల్లో అంగిలి ఎర్రగా పుండై, ఫంగస్ అన్నారు.

కింద దవడకు రెండే ఇంప్లాంట్లు వేసి, ప్రెస్ బటన్లలా సెట్టును వాటికి నొక్కొచ్చంటున్నారు. షుగరు అదుపులో ఉండాలట. బటన్ల లెక్కలో చెప్పేసరికి నాకూ ధైర్యమొచ్చింది. మూడు నెలల షుగరు పరీక్షకు రక్తం ఇచ్చాను, రిపోర్టు రేపొస్తుంది.