కార్బురేటర్‌కి స్ప్రే కొట్టాలా, కిట్ వేయాలా?

పాత స్ప్లెండర్ చోక్ లాగితేనే స్టార్టయి, చోక్ తీయగానే ఆగిపోతోందంటే చాలావరకు కార్బురేటర్‌లోని పైలట్ జెట్ (ఐడిలింగ్‌లో పెట్రోలు పంపే సన్న రంధ్రపు ఇత్తడి ముక్క) మూసుకుపోయినట్టే. దీనికి రిపేరు కిట్ దండగ. పెట్రోలు కాక్ కట్టేసి, కార్బురేటర్ అడుగునున్న ఫ్లోట్ గిన్నె విప్పి, జెట్ తీసి క్లీనర్ స్ప్రే కొట్టండి. వెలుతురుకేసి పెడితే సన్నటి రంధ్రం గుండ్రంగా కనబడాలి. పిన్నీసుతో మాత్రం పొడవొద్దు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే మైలేజీ గోవిందా!

ఓవర్‌ఫ్లో పైపులోంచి పెట్రోలు కారుతోందా? ఫ్లోట్ నీడిల్ (గిన్నె నిండాక పెట్రోలు ఆపే సూది) మొన మీద గాడి పడి ఉంటే ఎంత కడిగినా అంతే, కిట్ వేయాల్సిందే. కొత్త నీడిల్, ఓ-రింగులు అందులోనే వస్తాయి. ఓ పూట పని. ఎయిర్ స్క్రూ (గాలి ఎంత కలవాలో సర్దే స్క్రూ) తీసేముందు లోపలికి ఎన్ని చుట్లు తిరుగుతుందో రాసుకోండి. అన్నట్టు, రబ్బరు రింగుల మీద స్ప్రే పడితే ఉబ్బిపోతాయి.

కొత్త కాలుష్య నిబంధనలతో వచ్చిన బీఎస్6 స్ప్లెండర్‌కి ఈ గొడవే లేదు, దానికి కార్బురేటరే ఉండదు.