స్పూన్ పట్టీకి పూర్తి మార్కులు, ప్లాస్టిక్ కుర్చీకి సున్నా: ఇంట్లో చేసుకున్న సాధనాలతో ఏళ్ల వాడకం

ముందే తేల్చి చెప్తా. నాలా వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లు చేతికి తగిలే సాధనాలు నిశ్చింతగా ఇంట్లోనే చేసుకోండి. కూర్చునే చోట తగిలేవి మాత్రం ఇంట్లో చేసుకోకండి. తప్పనిసరై చేసుకుంటే ఫిజియోథెరపిస్టుకు చూపించాకే వాడండి. ఏళ్ల తరబడి రకరకాలవి వాడాక నాకు తేలింది ఇది.

నాది యాదాద్రి భువనగిరి జిల్లా. కల్లు గీసేవాణ్ణి. తాటిచెట్టు మీది నుంచి పడితే మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. గీత కార్మికులకు కాటమయ్య రక్షా కవచం కిట్లు ఇవ్వడం 2024లో మొదలైంది, నేను పడ్డది దానికి చాలా ముందు. కాగితాల మీద నా దెబ్బ స్థాయి సీ6 అని, అంటే మెడలో ఆరో నరం స్థాయి అని ఉంటుంది. భుజాలు కదులుతాయి, మోచెయ్యి మడవగలను, మణికట్టు పైకి ఎత్తగలను. వేళ్లు పనిచెయ్యవు, మోచెయ్యి బలంగా చాచలేను, ఛాతీ నుంచి కిందికి స్పర్శ లేదు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నాకు పనికొచ్చింది పోలియో వచ్చినవాళ్లకో, పక్షవాతం వచ్చినవాళ్లకో పనికి రాకపోవచ్చు. నడుము దగ్గర దెబ్బ తగిలినవాళ్లకు చేతులు బాగుంటాయి కాబట్టి వాళ్లకు ఇందులో సగం అక్కరే లేదు.

అన్నిట్లోకీ గొప్పది స్పూన్ పట్టీ. మణికట్టు పైకి ఎత్తితే నా వేళ్లు వాటంతటవే కొద్దిగా ముడుచుకుంటాయి. ఆ పట్టుతో కాగితమో, ఖాళీ గ్లాసో ఎత్తగలను. స్పూన్ మాత్రం నిలవదు, రెండో ముద్దకే జారిపోతుంది. ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఫిజియో మేడమ్ ఒక పట్టీ చూపించారు. అది చూసి అమ్మ పాత స్కూలు బ్యాగు పట్టీతో ఇంట్లో కుట్టింది. వెడల్పు అంగుళంన్నర. బొటనవేలు బయటికి వదిలేసి అరచేతి చుట్టూ తిరిగి, చేతి వెనక వెల్క్రోతో అంటుకుంటుంది. అరచేతి వైపు స్పూన్ కాడ దూరేంత చిన్న జేబు ఉంటుంది, దాని మూతి బొటనవేలు వైపుకి. ఇంతే.

చూడ్డానికి ఇంతే గానీ, సరిగ్గా కుదరడానికి చాలా మార్పులు పట్టాయి. మొదట వెల్క్రోలో గరుకు ముక్కను చర్మం వైపు కుట్టింది. సాయంత్రానికి చేతి వెనక ఎర్రగా గీరుకుపోయేది. ఇప్పుడు మెత్తటి ముక్కే లోపలికి ఉంటుంది. పట్టీ కొసకు బొటనవేలు దూరేంత ఉంగరంలా కుట్టించాక, పళ్లతో పట్టుకుని నేనే బిగించుకుంటున్నా. అంతవరకూ అన్నం ముందు కూర్చుని, అమ్మ చెయ్యి కడుక్కుని వచ్చేదాకా చూసేవాణ్ణి. జేబు వదులుగా ఉంటే స్పూన్ గిరగిరా తిరుగుతుంది, అందుకే కాడకు సైకిల్ ట్యూబు ముక్క చుట్టి దూర్చాలి. మన చెయ్యి తిప్పలేం కాబట్టి స్పూన్‌నే నోటి వైపు వంచాలి. సన్నటి స్టీలు స్పూన్లు రెండు మూడు సార్లు వంచితే మెడ దగ్గర పుటుక్కున విరుగుతాయి. కొంచెం మందంగా ఉన్నది కొని వెల్డింగ్ షాపులో ఒక్కసారే వంపు పెట్టించుకుంటే ఏళ్లకేళ్లు ఉంటుంది.

అన్నం కలపడం మాత్రం ఇప్పటికీ ఇంకొకరి పనే. నిలువు అంచు ఉన్న పళ్లెం తీసుకోండి, అన్నాన్ని అంచుకు తోసి ఎత్తొచ్చు. పళ్లెం కింద తడిబట్ట వేస్తే జరగదు. జొన్నరొట్టె తునకలు పప్పులో నానితే బాగానే వస్తాయి. పచ్చిపులుసుతో అన్నమైతే మీదంతా పడుతుంది, దాని సంగతి నేను వదిలేశా. పట్టీకి ఉన్న పెద్ద రోగం వాసన. పప్పుచారు లోపలికి ఇంకితే సాయంత్రానికే తెలుస్తుంది. రెండు మూడు కుట్టించి పెట్టుకుని రోజూ ఉతకాలి. వెల్క్రోలో దారాలు, వెంట్రుకలు పేరుకుని పట్టు పోతుంది, పాత టూత్‌బ్రష్‌తో గీకితే మళ్లీ పనిచేస్తుంది. షాపులో కొన్నది కూడా ఒకటి వాడాను. దానికి ఎలాస్టిక్ ఉంటుంది, ఉతికే కొద్దీ సాగిపోయింది. అమ్మ కుట్టిందే గట్టిది. ఇదే పట్టీలో టూత్‌బ్రష్, దువ్వెన, పెన్ను అన్నీ పెట్టుకుంటున్నా.

ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. వేళ్లు ముడుచుకుంటున్నాయని ఇంట్లోవాళ్లు వాటిని సాగదీసి, మణికట్టు కూడా వెనక్కి వంచి చదును చెయ్యాలని చూస్తారు. నాలాంటి దెబ్బ ఉన్నవాళ్లకు ఆ కొద్దిపాటి బిగువే పట్టు. అది సాగిపోతే కాగితం కూడా ఎత్తలేం. పట్టీ కుట్టేటప్పుడు కూడా వేళ్లను చాచి కట్టెయ్యకండి.

రెండోది చక్రాల కుర్చీ తోసే రింగుకు చుట్టిన సైకిల్ ట్యూబు. క్యాంపులో ఇచ్చిన కుర్చీకి స్టీలు రింగు ఉంటుంది, నున్నగా మెరుస్తూ. వేళ్లతో పట్టుకునేవాళ్లకు బాగానే ఉంటుంది గానీ, నేను అరచేతి మడమతో నొక్కి తోస్తాను కాబట్టి చెయ్యి జర్రున జారిపోయేది. పాత ట్యూబును పొడుగ్గా కోసి, ఒక్కో చుట్టు ముందు చుట్టు మీదికి సగం ఎక్కేలా లాగి బిగించి చుట్టాడు తమ్ముడు. చివర్లో ఇంకో ట్యూబు ముక్కతోనే గట్టిగా ముడి వేశాడు. సైకిల్ షాపులో పారేసే ట్యూబు కాబట్టి ఖర్చు లేదు. ఆ రోజు నుంచి ఇంట్లో సమతలం మీద ఎవరి సాయం లేకుండా తిరుగుతున్నా. దీనిక్కూడా ఇబ్బందులున్నాయి. అరచేతులు నల్లగా అవుతాయి, తెల్లచొక్కా మీద ఆశలు వదులుకోవాలి. ఎండాకాలం రబ్బరు జిగటగా అవుతుంది, బయట ఎండలో పెట్టిన కుర్చీ రింగు కాలుతుంది. అన్నిటికంటే ముఖ్యం, వాలు దిగేటప్పుడు చేత్తో బ్రేకు వెయ్యకండి. నాకు బొటనవేలు వైపు స్పర్శ ఉంది, చిటికెన వేలు వైపు లేదు. రాపిడికి ఆ వైపు చర్మం లేచినా తెలియదు. పాత సాక్సు వేళ్ల దగ్గర కోసి అరచేతికి తొడుక్కుంటే కొంత నయం.

మంచం మీద లేచి కూర్చోడానికి తాడు. మంచం కాళ్ల వైపు పట్టెకు ఒక తాడు కట్టి, దానికి వరుసగా ఉచ్చులు వేస్తే, ఒక్కో ఉచ్చులో మణికట్టు దూర్చి మోచెయ్యి మడుస్తూ పైకి పాకొచ్చు. మొదట నా మోకుతోనే కట్టారు. చెట్టు మీద మనిషి బరువు మోసిన తాడుకు ఇది ఏపాటి అనుకున్నాం. బలానికి లోటు లేదు గానీ, గరుకు మణికట్టును కోసేసింది. తర్వాత నవారు పట్టెతో కుట్టించాం. నవారు మెత్తగా ఉంటుంది, ఉతకొచ్చు, ఉచ్చు తెరుచుకునే ఉంటుంది. నవారు మంచాలు కనబడటం తగ్గింది గానీ నవారు ఇంకా బజార్లో దొరుకుతోంది. పూర్తి మార్కులు.

ఇక ప్లాస్టిక్ కుర్చీ సంగతి. మన ఊళ్లలో మంచాన పడ్డ ప్రతి మనిషి ఇంట్లో ఇది కనబడుతుంది. కుర్చీ మధ్యలో గుండ్రంగా కోసి లెట్రిన్ మీద వేస్తారు. మాకూ అలాగే చేశారు. యాక్సా బ్లేడుతో కోసి, ఉప్పు కాగితంతో అంచు రుద్దారు. చేత్తో తడిమితే నున్నగానే ఉంది. అయితే తడిమిన చేతికి స్పర్శ ఉంది, కూర్చున్న నాకు లేదు కదా. పది నిమిషాల్లో లేచిపోయేవాళ్లకు ఆ అంచు ఏమీ చెయ్యదు. నాకు విరేచనం కావాలంటే చాలాసేపు పడుతుంది, ఒళ్లంతా బరువు ఆ సన్నటి అంచు మీదే. కొన్నాళ్లకు కూర్చునే ఎముక దగ్గర ఎర్రటి మచ్చ వచ్చింది. వేలితో నొక్కితే తెల్లబడాల్సిన ఎరుపు తెల్లబడలేదు. తర్వాత తోలు ఊడింది, తర్వాత గుంట పడింది. నెలల తరబడి బోర్లా పడుకోవాల్సి వచ్చింది. ఆ కుర్చీ ఖరీదు వందల్లోనే, ఆ పుండుకు అయిన కట్లు, మందుల ఖర్చు ఎన్నో రెట్లు. పైగా మధ్యలో కోసిన కుర్చీకి బలం పోతుంది, తడి టైల్స్ మీద కాళ్లు విచ్చుకుంటాయి.

ఇప్పుడు వాడుతున్నది వెల్డింగ్ షాపులో జీఐ పైపుతో చేయించిన ఫ్రేము. సీటు మీద మందపాటి స్పాంజి, దానిపైన రెగ్జిన్. ముందు వైపు తెరిచి ఉంటుంది కాబట్టి కడగడం తేలిక. పైపు కాళ్లకు రబ్బరు బుష్‌లు. సీటు కొలతలు ఫిజియో మేడమ్ రాసిచ్చారు, వెల్డింగ్ అతను ఆ కొలతలకు కట్టాడు. కుట్టు దగ్గర రెగ్జిన్ చిరిగి నీళ్లు లోపలికి పోతే స్పాంజి కుళ్లు వాసన వస్తుంది, అప్పుడు మార్చాల్సిందే. వెల్డింగ్ అతుకుల దగ్గర తుప్పు పడుతుంది, ఏటా రంగు వెయ్యాలి. అయినా ఇది మంచి బేరమే.

జైపూర్ కాలు కథ చాలామందికి తెలుసు. 1968లో దాన్ని తయారు చేసింది రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె. సేఠీ కలిసి. శర్మ చేతి పనితనం, సేఠీ వైద్యం రెండూ ఉంటేనే ఆ రబ్బరు పాదం నిలబడింది. మా ఊరి వెల్డింగ్ అతను చేతి పనితనంలో ఎవరికీ తీసిపోడు. కానీ స్పర్శ లేని చర్మం మీద ఒక అంచు ఏం చేస్తుందో అతనికి చెప్పేవాళ్లు పక్కన ఉండాలి.

చక్రాల కుర్చీలో కింద వేసుకునే పరుపు గురించి కూడా అంతే. గాలి నింపిన స్కూటర్ ట్యూబు మీద కూర్చోమని ఊరంతా సలహా ఇస్తుంది. వద్దు. రింగులా ఉన్నదేదైనా చుట్టూ నొక్కుతుంది, మధ్యలో చర్మానికి రక్తం తగ్గుతుంది. పరుపుల షాపులో కోసిచ్చే మామూలు స్పాంజి కొన్ని నెలలకే అప్పడంలా అణిగిపోతుంది. మీరు కూర్చున్నాక ఇంకొకరు కింద చెయ్యి పెట్టి చూడాలి. ఎముకకూ సీటుకూ మధ్య కనీసం అంగుళం మెత్తదనం లేకపోతే అది ఉన్నా లేనట్టే. తెలంగాణలో వికలాంగులకు వచ్చే పింఛను నెలకు 4,016 రూపాయలు. మంచి గాలి గదుల పరుపు కొనాలంటే ఎన్ని నెలల పింఛను పోతుందో లెక్కేస్తే టెన్షన్ వస్తుంది. అయినా డబ్బు పెట్టాల్సిన చోటు ఇదొక్కటే అంటాను, మిగతావన్నీ ట్యూబులతో, నవారుతో గడిచిపోతాయి. ఎంత మంచి పరుపైనా పావుగంటకో అరగంటకో ఒకసారి పక్కకో ముందుకో వాలి బరువు తియ్యాలి. రాత్రి పడుకునేముందు తమ్ముడు ఫోన్‌తో వెనక ఫొటో తీసి చూపిస్తాడు. సిగ్గు మొదటి వారమే.

యూరిన్ పైపు విషయంలో ఒక హెచ్చరిక. కాలికి కట్టే సంచి పైపు జారకుండా బట్టలారేసే క్లిప్పు పెట్టే చిట్కా ఒకటి వీడియోల్లో తిరుగుతోంది. మా ఇంట్లో కూడా పెట్టారు. క్లిప్పు కాస్త పక్కకు జరిగి పైపు నొక్కుకుపోయింది. కాసేపటికి తల పగిలిపోయేంత నొప్పి, ముఖమంతా చెమటలు, ఒళ్లు గగుర్పాటు. దెబ్బ ఛాతీ మధ్య భాగం కంటే పైన తగిలినవాళ్లకు మూత్రాశయం నిండిపోతే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది, దాన్ని ఆటోనమిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి, బిగుతుగా ఉన్న పట్టీలు వదులు చేసి, పైపు ఎక్కడ మెలిక పడిందో చూడాలి. తగ్గకపోతే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి. మాకు క్లిప్పు తియ్యగానే తగ్గింది. ఇప్పుడు పైపును వెడల్పాటి వెల్క్రో పట్టీతో వదులుగా కడుతున్నాం.

మంచం నుంచి కుర్చీకి మారే జారుడు చెక్క మాత్రం ఇంట్లో చేసుకోదగ్గవాటికీ చేసుకోకూడనివాటికీ మధ్యలో ఉంటుంది. వడ్లాయన 18 ఎంఎం ప్లైవుడ్‌తో చేసిచ్చాడు. రెండున్నర అడుగుల పొడవు, పది అంగుళాల వెడల్పు. రెండు కొసలూ పల్చగా చెక్కి, అంచులు గుండ్రంగా చేసి, వార్నిష్ వేశాడు. పనికొస్తుంది, కానీ పేరు విని జారకండి. ఒంటి చర్మంతో దాని మీద ఈడ్చుకుంటే లోపలి పొరలు చిట్లుతాయి. నిక్కరు వేసుకునే వాడాలి. కొంచెం ఎత్తి, కొంచెం జరిగి, మళ్లీ ఎత్తి పోవాలి. తమ్ముడు నడుము బెల్టు పట్టుకుంటాడు. మంచం, కుర్చీ ఒకే ఎత్తులో ఉంటేనే పని జరుగుతుంది, మంచం కాళ్ల కింద గాడి చెక్కిన దిమ్మెలు పెట్టించాం. వానాకాలంలో ప్లైవుడ్ అంచులు ఉబ్బాయి. అంచులకు కూడా వార్నిష్ పట్టించమని మీ వడ్లాయనకు ముందే చెప్పండి.

ర్యాంపు అందరూ కట్టిస్తారు, సరిగ్గా కట్టింది తక్కువ. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది లెక్క. మా గడప ముందు అడుగున్నర ఎత్తు, అంటే 18 అడుగులు. మేస్త్రీ ఆరడుగుల్లో ముగించి చాలన్నాడు. ఆ వాలు మీద నా కుర్చీ వెనక్కి లేస్తుంది, ఇద్దరు పట్టుకుంటే గానీ ఎక్కదు. జాగా లేకపోతే మధ్యలో మలుపు తిప్పి, మలుపు దగ్గర చదునుగా వదలమనండి. సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు చీపురుతో అడ్డగీతలు గీయిస్తే వానలో జారదు.

ఫోన్‌కు పెన్సిల్ చుట్టూ రేకు చుట్టి స్టైలస్ చేసుకోమంటారు. పనిచేస్తుంది గానీ రేకు రెండు రోజుల్లో చిరుగుతుంది. చిటికెన వేలి కణుపుతో టైప్ చెయ్యడమే నాకు తేలిక, మిగతాది నోటితో చెప్తే ఫోనే రాసుకుంటుంది. గుండీలు పెట్టుకునే కొక్కెం ఒకటి సైకిల్ పుల్లతో చేయించా. బాగానే ఉంది, కానీ టీషర్టులకు అలవాటు పడ్డాక దాని పని పెళ్లిళ్లకే.