ఇటలీ రైళ్లలో ఫస్ట్ క్లాస్‌కి డబ్బు పెట్టాలా?

ముందు తీర్పు చెప్పేస్తా, తీరిక లేనివాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు. హైస్పీడ్ రైళ్లలో సెకండ్ క్లాస్ సుఖంగానే ఉంటుంది. ప్రయాణం రెండున్నర గంటలు దాటి, రెండు టికెట్ల మధ్య తేడా మనిషికి పది పదిహేను యూరోల లోపే ఉంటే ఫస్ట్ తీసుకోండి. ఊళ్ల మధ్య తిరిగే చిన్న రైళ్లలో మాత్రం ఫస్ట్ క్లాస్ సంగతే మర్చిపోండి. అమ్మానాన్నలతో రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్, మిలాన్, నేపుల్స్ అన్నీ రైలు మీదే తిరిగాం, రెండు రకాల సీట్లలోనూ కూర్చున్నాం.

మనవాళ్లకి అసలు సమస్య ఆ పేరుతోనే. సెకండ్ క్లాస్ అనగానే మన కళ్ల ముందు ఫ్యాన్లు, కిటికీ ఊచలు, తలుపు దగ్గర వేలాడే జనం కనిపిస్తారు. టికెట్లు బుక్ చేస్తుంటే నాన్నది ఒకటే మాట, "ఒరేయ్, డబ్బు సంగతి చూడకు, ఏసీ లేకపోతే మీ అమ్మ తట్టుకోలేదు" అని. ఈ ఫాస్ట్ రైళ్లలో ఏసీ అన్ని పెట్టెల్లోనూ ఉంటుంది నాన్నా అంటే రైలెక్కేదాకా నమ్మలేదు. సికింద్రాబాద్ నుంచి విశాఖ వెళ్లే వందే భారత్ ఎక్కినవాళ్లకి ఇలా చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది: అందులో మామూలు చైర్ కార్‌లో వరసకి మూడు ప్లస్ రెండు సీట్లు, ఎగ్జిక్యూటివ్‌లో రెండు ప్లస్ రెండు. ఇటలీ హైస్పీడ్ రైల్లో అన్నిటికంటే చవక టికెట్‌కే రెండు ప్లస్ రెండు వస్తుంది. పైగా వైఫై, ఛార్జింగ్ ప్లగ్ అన్నీ ఉంటాయి.

ఇంకో తికమక ఏంటంటే, ఈ రైళ్లకి ఇప్పుడు ఫస్ట్, సెకండ్ అనే పేర్లే లేవు. ప్రభుత్వ రైల్వే కంపెనీ ట్రెనిటాలియా వాళ్ల హైస్పీడ్ రైలు ఫ్రెచ్చారోస్సాలో స్టాండర్డ్, ప్రీమియం, బిజినెస్, ఎగ్జిక్యూటివ్ అంటారు. 2012లో మొదలైన ప్రైవేటు కంపెనీ ఇటాలోలో కింది తరగతి స్మార్ట్, పైది ప్రీమా, దాని మీద క్లబ్. స్టాండర్డ్, స్మార్ట్ అంటే సెకండ్ అనుకోండి, బిజినెస్, ప్రీమా అంటే ఫస్ట్ అనుకోండి. ప్రీమియం అనేది మధ్యలో ఇరికించిన సరుకు, నా లెక్కలో దానికి పెట్టే డబ్బు దండగ. ఎగ్జిక్యూటివ్ అంటే పెట్టె మొత్తంలో గుప్పెడు సోఫాల్లాంటి సీట్లు, ఆఫీసు బిల్లు కడితే తప్ప దాని జోలికి వెళ్లక్కర్లేదు.

మరి బిజినెస్‌లో అదనంగా ఏముంటుంది? వరసకి రెండు ప్లస్ ఒకటి, కాబట్టి సీటు వెడల్పుగా ఉంటుంది, కాళ్లు చాపుకోవచ్చు, ఒంటరిగా వెళ్తే పక్కన ఎవరూ లేని కిటికీ సీటు దొరుకుతుంది. ఒక డ్రింకు, చిన్న ప్యాకెట్ ఏదో ఇస్తారు. అది భోజనం అనుకుని ఆకలితో ఎక్కితే మాత్రం పని జరగదు, అమ్మ ముందుచూపుతో తెచ్చిన జంతికలే మమ్మల్ని కాపాడాయి. నిశ్శబ్దంగా ఉండాల్సిన భాగం కూడా ఒకటి బిజినెస్‌లో ఉంటుంది. నలుగురు తెలుగువాళ్లు కలిసి వెళ్తుంటే అక్కడ మాత్రం సీటు తీసుకోకండి, మన వల్ల కాదు. నలుగురున్న కుటుంబానికి నిజానికి స్టాండర్డే మేలు, ఎందుకంటే మధ్యలో టేబుల్‌తో ఎదురెదురుగా నాలుగు సీట్లు దొరుకుతాయి. బిజినెస్‌లో ఆ మూడు సీట్ల వరస వల్ల ఒకరు నడవాకి అవతల పడే అవకాశం ఉంది.

డబ్బు పోసినా మారనివి చాలానే ఉన్నాయి. రైలు అదే, వేగం అదే, గంటకి 300 కిలోమీటర్లు. రోమ్ నుంచి ఫ్లోరెన్స్ గంటన్నర, రోమ్ నుంచి నేపుల్స్ గంటా పది నిమిషాలు, మిలాన్ దాకా మూడు గంటల పైచిలుకు. గంటా పది నిమిషాల కోసం ఫస్ట్ క్లాస్ ఎందుకో నాకైతే అర్థం కాదు, సీటు వెనక్కి వాల్చేలోపు నేపుల్స్ వచ్చేస్తుంది. ఎక్కే మెట్లు కూడా అవే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి ఫస్ట్ క్లాస్ తీస్తే ఎక్కడం సులువవుతుందని చాలామంది అనుకుంటారు, అలాంటిదేం లేదు. కూలీలు దొరుకుతారని అనుకోవద్దు, 28 అంగుళాల సూట్‌కేస్ మీరే ఎత్తి ఎక్కించుకోవాలి. అయితే సామాను విషయంలో ఒక లాభం మాత్రం ఉంది. పెద్ద సూట్‌కేసులు పెట్టుకునే చోటు రైలు పెట్టె చివర్లోనో సీట్ల వీపుల మధ్యో ఉంటుంది, బిజినెస్‌లో మనుషులు తక్కువ కాబట్టి దాని కోసం పోటీ తక్కువ. అమెరికా నుంచో హైదరాబాద్ నుంచో మనిషికి రెండు సూట్‌కేసులతో దిగేవాళ్లకి ఆ పది యూరోలు సీటు కంటే ఈ చోటు కోసం పెట్టినా తప్పులేదు.

సీటు దిశ గురించి కూడా చెప్పాలి. అమ్మకి వెనక్కి వెళ్తున్నట్టు కూర్చుంటే కళ్లు తిరుగుతాయి, అందుకని ముందుకు చూసే సీట్లు వెతికి మరీ తీసుకున్నాం. కానీ ఫ్లోరెన్స్ సాంతా మరియా నొవెల్లా స్టేషన్‌లో పట్టాలు అక్కడితో ఆగిపోతాయి, రైలు వచ్చిన వైపే మళ్లీ బయటికి వెళ్తుంది. రోమా టెర్మినీ, నేపుల్స్ సెంట్రల్ కూడా అంతే. దాంతో అప్పటిదాకా ముందుకు చూస్తున్నవాళ్లు వెనక్కి తిరిగిపోతారు. వందే భారత్ ఎగ్జిక్యూటివ్‌లోలా సీటు తిప్పుకునే వీలు స్టాండర్డ్‌లోనూ లేదు, బిజినెస్‌లోనూ లేదు.

ఇక రీజినల్ రైళ్లు, అంటే మొదట్లో చెప్పిన ఊళ్ల మధ్య తిరిగే చిన్న రైళ్లు. లా స్పెజియా నుంచి చింక్వె తెర్రె ఊళ్లకి, ఫ్లోరెన్స్ నుంచి పీసాకి వెళ్లేది వీటిలోనే. వీటిలో చాలావాటికి ఒకటే తరగతి. కొన్నిటికి ఫస్ట్ ఉన్నా సీటు నంబరు ఉండదు, దాదాపు అదే సీటు, తలకి ఆనే చోట ఒక గుడ్డ ముక్క ఎక్కువ, అంతే. ధర ఎప్పుడు కొన్నా ఒకటే, కాబట్టి ముందే కొనాలని టెన్షన్ అక్కర్లేదు. దీంట్లో జాగ్రత్త పడాల్సింది తరగతి గురించి కాదు. కాగితం టికెట్ అయితే రైలెక్కేముందు ప్లాట్‌ఫాం మీద మెషీన్‌లో ముద్ర వేయించుకోవాలి, ఫోన్‌లో కొంటే చెక్ ఇన్ చేయాలి, లేదంటే టికెట్ చేతిలో ఉన్నా జరిమానా కట్టిస్తారు. నేపుల్స్ నుంచి పాంపేయి, సొరెంటో వైపు వెళ్లే చిర్కుమ్‌వెసువియానా అనే లోకల్ రైల్లో అయితే తరగతుల మాటే లేదు, నిలబడటానికి చోటు దొరికితే అదృష్టం, జేబులు చూసుకోండి.

నా మటుకు ఫస్ట్ క్లాస్‌కి కళ్లు మూసుకుని డబ్బు పెట్టేది ఒక్క చోటే, దక్షిణాదికి వెళ్లే ఇంటర్‌సిటీలో, అంటే హైస్పీడ్ కాని దూరపు రైళ్లలో. ఫస్ట్, సెకండ్ అనే పాత పేర్లు వీటిలో ఇప్పటికీ ఉన్నాయి. రోమ్ నుంచి సిసిలీకి పగటి రైలెక్కితే రోజంతా అందులోనే గడుస్తుంది. విల్లా సాన్ జొవాన్ని దగ్గర రైలు పెట్టెల్ని విడదీసి ఓడలోకి తోస్తారు, మెస్సీనా జలసంధి దాటాక అవతల మళ్లీ అతికిస్తారు. ఓడ మీద ఉండగా పైకి వెళ్లి సముద్రం చూడొచ్చు. అంతసేపు కూర్చోవాలంటే వెడల్పు సీటు విలువ నడుముకి తెలుస్తుంది. రాత్రి రైలైతే లెక్క మారుతుంది, అక్కడ చూడాల్సింది క్లాసు కాదు, నలుగురుండే కూపేలో బెర్త్ తీసుకుంటారా, ఒకరిద్దరే ఉండే స్లీపర్ తీసుకుంటారా అన్నది.

కొనేటప్పుడు ఒక కిటుకు. ట్రెనిటాలియా హైస్పీడ్ టికెట్‌కి తరగతితో పాటు రేటు రకం కూడా ఉంటుంది: సూపర్ ఎకానమీ, ఎకానమీ, బేస్. సూపర్ ఎకానమీ చాలా చవక, కానీ ఆ రైలు తప్పితే డబ్బు పోయినట్టే. బేస్ అయితే మార్చుకోవచ్చు. ప్రయాణం దగ్గరపడ్డాక స్టాండర్డ్‌లో చవక టికెట్లు అయిపోయి బేస్ మాత్రమే మిగులుతుంది, అప్పటికి బిజినెస్‌లో ఇంకా సూపర్ ఎకానమీ ఉంటే అది స్టాండర్డ్ కంటే తక్కువకే కనిపిస్తుంది. కాబట్టి యాప్‌లో మొదటి ధర చూసి ఆగకుండా కిందికి జరిపి అన్ని గళ్లూ చూడండి, ట్రెనిటాలియాతో పాటు ఇటాలో కూడా తెరిచి పోల్చండి. ఊరి పేర్లు అక్కడివాళ్ల పద్ధతిలో కొడితే మేలు, ఫ్లోరెన్స్‌కి ఫిరెన్జె, వెనిస్‌కి వెనెజియా అని. వెనిస్‌కి టికెట్ కాలవల ఊళ్లోనే ఉన్న సాంతా లుచియా స్టేషన్ దాకా ఉందో లేదో మళ్లీ చూసుకోండి. మెస్త్రె అంటే కాలవలకి ఇవతల, ఒడ్డు మీది స్టేషన్.