పసిపిల్లల మీద దెబ్బల కేసులు: ఆ ఐదు రోజుల శిక్షణ ఎంతవరకు పనికొచ్చింది?

ఐదేళ్లలోపు పిల్లలను ఇంట్లోవాళ్లే కొట్టి, కాల్చి, విసిరి గాయపరిచిన కేసులను ఎలా దర్యాప్తు చేయాలి, కోర్టులో ఎలా నిలబెట్టాలి అన్నదాని మీద పోలీసులకు, ప్రాసిక్యూటర్లకు, ప్రభుత్వ డాక్టర్లకు, బాలల పరిరక్షణ విభాగం సిబ్బందికి కలిపి ఇచ్చే శిక్షణ ఇది. 2022లో హైదరాబాద్‌లో హాజరయ్యాను. నల్లగొండ జిల్లాలో ఎస్సైగా, స్టేషన్‌లో బాలల సంక్షేమ అధికారిగా పనిచేస్తూ అప్పటి నుంచి అక్కడ ఇచ్చిన పాఠాల ఫోల్డర్‌ను వాడుతూనే ఉన్నాను. చివరి రోజు సాయంత్రం ఇచ్చిన అభిప్రాయ పత్రంలో అందరం ‘చాలా బాగుంది’ అనే రాశాం. బస్సు పట్టుకునే తొందరలో రాసిన ఆ మాటకు విలువ లేదు. ఏది అక్కరకొచ్చిందో, ఏది బీరువాలో మూలన పడిందో ఇప్పుడైతే చెప్పగలను.

డబ్బు కట్టనక్కర్లేదు, శాఖే పంపుతుంది. భోజనం బాగుంది. టీఏ బిల్లు సంగతి మాత్రం అడగకండి.

అన్నిటికన్నా ఎక్కువగా వాడింది ఒక్క కాగితం. గాయం బయటపడిన క్షణం నుంచి వెనక్కి మూడు రోజులు, గంటకో గడి. ప్రతి గడిలో బిడ్డ ఎవరి దగ్గర ఉంది, పాలు తాగిందా, నిద్రపోయిందా, ఎప్పుడు ఏడుపు మారింది, ఎప్పుడు కాలు కదపడం మానేసింది అని రాసుకుంటూ పోవాలి. మాటలు రాని పసివాళ్ల కేసులో ఎవరు కొట్టారని అడిగితే ఇల్లంతా నోరు మూసుకుంటుంది. మధ్యాహ్నం బిడ్డ ఎవరి చేతిలో ఉందని అడిగితే అత్త, తోడికోడలు, పక్కింటామె తలా ఒక మాట చెబుతారు. ఆ మాటలు గడుల్లో పడ్డాక, ఎవరి కథ ఎక్కడ కలవడం లేదో కంటికి కనిపిస్తుంది.

అయితే దాన్ని నేర్పినవాళ్లు గంటలు, నిమిషాలు అన్నారు. దేవరకొండ వైపు తండాలో ముసలమ్మను అడిగితే పాలు పోసి వచ్చిన వేళ అంటుంది, బస్సు తిరిగి పోయిన వేళ అంటుంది. నిరాశపడనక్కర్లేదు. చాలా పాలకేంద్రాల్లో ఇచ్చే చీటీ మీద సమయం అచ్చవుతుంది. ఉపాధి హామీ పనికి వెళ్లిన తల్లికి 2023 నుంచి రోజుకు రెండుసార్లు యాప్‌లో ఫొటోతో హాజరు వేస్తున్నారు. ఆ సమయంలో ఆమె ఇంట్లో లేదని రుజువు చేయడానికి అంతకన్నా మంచి కాగితం దొరకదు. అంగన్‌వాడీలో రాసే బరువులు, తల్లీబిడ్డల కార్డులో టీకాల తేదీలు కూడా ఇదే పట్టికలోకి వస్తాయి. నెలనెలా పెరుగుతూ వచ్చిన బరువు ఒక నెల నుంచి పడిపోతే, ఆ నెలలో ఇంట్లోకి కొత్తగా ఎవరొచ్చారని అడగాలి. ఇవేవీ ఫోల్డర్‌లో లేవు. మా మండలాల్లో తిరుగుతూ మేం చేర్చుకున్నవి.

రెండోది, డాక్టరుకు రాసే లేఖ. మామూలుగా ఆసుపత్రికి పంపే మెమోలో గాయాలు పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వగలరు అని ఒక వాక్యం ఉంటుంది. సింపుల్, గ్రీవియస్ అని రెండు మాటల్లో జవాబు వస్తుంది. ఎముక విరిగితే భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం అది ఎలాగూ తీవ్ర గాయమే, దానికి డాక్టరు అభిప్రాయం కోసం ఎదురుచూడనక్కర్లేదు. అసలు కావలసిన జవాబు వేరు. ఈ మధ్య ఒక కేసులో నేను పంపిన లేఖ ఇలా సాగింది (వివరాలు కొంత మార్చాను): ‘పాప వయసు ఐదు నెలలు. బోర్లా పడుతుంది, పాకడం రాదు. కుడి తొడ ఎముక విరిగింది. నేలకు రెండడుగుల ఎత్తున కట్టిన చీర ఊయల నుంచి మట్టి నేల మీద జారిపడిందని తండ్రి చెబుతున్నాడు. ఆ తీరులో పడితే ఎముక ఈ రకంగా విరుగుతుందా? ఒంట్లో మానుతున్న పాత ఎముక పగుళ్లు ఏమైనా ఉన్నాయా? ఎముకల జబ్బు లేదని తేల్చడానికి ఏ పరీక్షలు చేశారు?’

ఈ లేఖ వెళ్లిన రోజు డ్యూటీ డాక్టరు ఫోన్ చేసి, ‘ఇన్ని ప్రశ్నలేమిటి సార్, నన్ను కోర్టుకు లాగుతారా?’ అన్నారు. అవును, లాగుతాం. కానీ ఆ ప్రశ్నల వల్లే ఆయన ఒక్క కాలుకే కాకుండా ఒళ్లంతటికీ ఎక్స్‌రేలు తీయించారు. రెండేళ్లలోపు పిల్లల్లో అనుమానం ఉంటే అలా తీయాలని, పక్కటెముకల్లో సన్నని పగుళ్లు మొదట కనిపించవు కాబట్టి రెండు వారాలకు మళ్లీ తీయాలని శిక్షణలో గట్టిగానే చెప్పారు. ఆ రెండో ఎక్స్‌రేకు బిడ్డను ఎవరు తీసుకొస్తారో చెప్పలేదు. ఇంటికి పంపితే తిరిగి రారు. మేం బాలల సంక్షేమ సమితి ఉత్తర్వులోనే ఆ తేదీ రాయించుకుంటున్నాం.

ఊయల ఎత్తు కొలవడం, ఆ బరువున్న గుడ్డ బొమ్మతో తండ్రి చెప్పిన తీరును ఆయన చేతనే చేయించి వీడియో తీయడం కూడా అక్కడ నేర్పిందే. బొమ్మలో ఇసుక నింపి ఆరు కిలోలకు తూకం సరిచేశాం. మొదటిసారి చూపినప్పుడు తండ్రి ఊయలకు ఎడమవైపు నిలబడ్డాడు. కొంతసేపటికి మళ్లీ అడిగితే తాను వాకిట్లో ఉన్నానన్నాడు. పోలీసుల ముందు అతను చెప్పిన మాటను నేరాంగీకారంగా వాడలేం. కానీ ఊయల ఎత్తు, నేల తీరు, కట్టిన ముడి వంటి కొలతలు పంచనామాలో మిగిలాయి, డాక్టరు అభిప్రాయానికి అవే ఆధారమయ్యాయి. కేసు విచారణలో ఉంది కాబట్టి ఇంతకన్నా రాయను.

వైద్యం పాఠంలో మేలైనది కమిలిన గుర్తుల గురించి చెప్పిన భాగం. నడక వచ్చిన పిల్లలకు మోకాళ్లు, కాలి ముందు భాగం, నుదురు కమలడం మామూలే. నాలుగేళ్లలోపు పిల్లలకు ఛాతీ, పొట్ట, వీపు, చెవి, మెడ మీద గుర్తులుంటే ఆగి చూడాలి. ఐదు నెలలు నిండని శిశువుకు ఒంటి మీద ఎక్కడ కమిలినా అనుమానించాలి. అమెరికాలో పిల్లల డాక్టర్లు 2010లో ప్రతిపాదించి, 2021లో బుగ్గ, దవడ మూల, కనురెప్ప, పెదవి లోపలి పొర వంటివి చేర్చి విస్తరించిన సూత్రం ఇది. దీన్ని ఒక చిన్న కార్డుగా ఇచ్చారు. ఆశా కార్యకర్తలకు, అంగన్‌వాడీ టీచర్లకు జిరాక్స్ తీసి పంచాను. రంగును బట్టి దెబ్బ ఎన్ని రోజుల నాటిదో చెప్పడం నమ్మదగ్గది కాదని కూడా అక్కడే విన్నాను. ఇప్పటికీ సర్టిఫికెట్లలో ఎరుపు అయితే ఇంత, పచ్చ అయితే ఇంత అని రాస్తూనే ఉన్నారు, డిఫెన్స్ లాయర్లు దాన్ని పట్టుకునే తేదీ తప్పని వాదిస్తున్నారు. మన పిల్లల్లో చాలామందికి పుట్టుకతోనే నడుము మీద, పిరుదుల మీద నీలి మచ్చలుంటాయి. పది రోజులాగి మళ్లీ ఫొటో తీస్తే తేలిపోతుంది. దెబ్బ గుర్తు మారుతుంది, పుట్టుమచ్చ మారదు.

తల గాయాల పాఠం మాత్రం నాకు నచ్చలేదు. మెదడు చుట్టూ రక్తం, కంటి వెనుక రక్తస్రావం, మెదడు వాపు, ఈ మూడూ కలిస్తే బిడ్డను పట్టి ఊపినట్టే అని తీర్పు చెప్పినట్టు చెప్పారు. ఆ మూడింటి మీద పెద్ద వివాదమే నడుస్తోంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2009లోనే ‘ఊపడం’ అన్న పేరు వదిలి, హింస వల్ల కలిగిన తల గాయం అనే విస్తృతమైన పేరుకు మారింది. స్వీడన్ ప్రభుత్వ సంస్థ ఒకటి 2016లో ఈ మూడు లక్షణాల మీదే ఆధారపడటానికి తగినంత రుజువు లేదని నివేదిక ఇచ్చింది. ఇవన్నీ అవతలి లాయరు ఫోన్‌లో ఉంటాయి. ప్రాసిక్యూషన్ వైపువాళ్లకు శిక్షణ గదిలో చెప్పకపోతే బోనులో డాక్టరుకు మొదటిసారి తెలుస్తుంది. తక్కువ ఎత్తు నుంచి పడి పసిపిల్లలు చనిపోవడం పది లక్షల మందిలో ఏడాదికి ఒకరి కన్నా తక్కువ అని 2008లో వచ్చిన పరిశోధన చెప్పారు. అది బలమైన సంగతే. కానీ తక్కువ అంటే సున్నా కాదు. మిగతా ఆధారాలు లేకుండా అదొక్కటే పట్టుకుని అరెస్టుకు వెళ్లకూడదు.

ఇక మన నేల సంగతి. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు కేసు అయితే ఎముక విరిగిందనగానే ఫ్లోరైడ్ మాట వస్తుంది. ఊరివాళ్లూ అంటారు, డిఫెన్సూ అంటుంది. శిక్షణలో ఆ పదమే వినిపించలేదు. ఫ్లోరైడ్ నీళ్లు ఎముకలను పట్టేది ఏళ్ల తరబడి తాగితేనని, తల్లిపాలు తాగే ఐదు నెలల బిడ్డ తొడ విరగడానికి దాన్ని కారణంగా చూపలేమని డాక్టరు చేత రాతపూర్వకంగా చెప్పించుకోవాలి. ఎముకలు మెత్తబడే రికెట్స్, పుట్టుకతో వచ్చే పెళుసు ఎముకల జబ్బు వేరే విషయం, వాటికి పరీక్షలు జరగాల్సిందే.

చురకల సంగతీ అంతే. సిగరెట్ వాతలు, వేడినీళ్లలో ముంచిన కాళ్లు తెర మీద చూపారు. కామెర్లకనో, ఎగశ్వాసకనో పొట్ట మీద కాల్చిన వాతలు మా దగ్గర ఇప్పటికీ కనిపిస్తాయి. బిడ్డ బతకాలనే కాలుస్తారు. పన్నెండేళ్లలోపు పిల్లల మేలు కోసం సంరక్షకులు సద్భావంతో చేసిన పనికి న్యాయ సంహిత 27వ సెక్షన్ రక్షణ ఇస్తుంది, దానికి మినహాయింపులూ ఉన్నాయి. ఆ గీత ఎక్కడ గీయాలో చర్చించడానికి ఒక పూట కేటాయించినా ఎంతో మేలయ్యేది.

పెద్ద పిల్లలను సాక్షులుగా మాట్లాడించడం బాగా నేర్పారు. ‘నాన్న కొట్టాడా?’ అని అడగొద్దు, ‘ఆ రోజు పొద్దున లేచిన దగ్గర్నుంచి చెప్పమ్మా’ అని వదిలేయాలి. యూనిఫాం లేకుండా ఇంటికే వెళ్లాలి. తండాలో ఆరేళ్ల అక్క లంబాడీలో చెబితే ఏం చేయాలో చెప్పలేదు. ఆ మాటను తెలుగులోకి మార్చి చెప్పే మనిషి ఆ ఇంటికి చుట్టం కాకూడదు. తండాలో అందరూ చుట్టాలే. పక్క మండలం నుంచి టీచరమ్మను పిలిపించుకుంటున్నాం.

నిజంగా వెల కట్టలేనిది ఒక విశ్రాంత ప్రాసిక్యూటర్ మాట్లాడిన గంట. భర్త భార్యతో చెప్పుకున్న మాటను, అతని సమ్మతి లేకుండా ఆమె కోర్టులో చెప్పడానికి సాక్ష్య చట్టం ఒప్పుకోదు. వాళ్లిద్దరి మధ్య నేరానికి మినహాయింపు ఉంది గానీ బిడ్డ మీద నేరానికి లేదు. అదే ఆమె కళ్లారా చూసింది చెప్పొచ్చు. కాబట్టి తల్లి వాంగ్మూలంలో ‘ఆయన నాతో అన్నాడు’ దగ్గర ఆగిపోకుండా, ఆమె చూసింది, విన్న చప్పుడు, తలుపు తీసేసరికి బిడ్డ ఎలా ఉందో రాయించాలి. ఆ ఒక్క పాఠంతో నా ఛార్జిషీట్ల తీరే మారింది.

ఆయనే ఇంకోటి చెప్పారు. మామూలు గాయం కేసులో రాజీకి వీలుంది. మైనరు తరఫున కోర్టు అనుమతితో పెద్దవాళ్లెవరైనా రాజీ పడొచ్చు. ఆ పెద్దవాళ్లు నిందితుడి తల్లో, భార్యో అయి ఉంటారు. పెద్దమనుషులు కూర్చుంటారు, సంసారం కూలిపోతుందంటారు. పిల్లల మీద క్రూరత్వాన్ని శిక్షించే జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్‌కు అలాంటి రాజీ లేదు. శిక్ష మూడేళ్ల వరకే అయినా, గాయంతో బిడ్డకు వైకల్యం వస్తే అదే సెక్షన్ కింద మూడు నుంచి పదేళ్లు. మొదటి రోజే ఎఫ్‌ఐఆర్‌లో ఆ సెక్షన్ పడాలి.

నాలుగు గోడల మధ్య జరిగింది తమకే తెలుసు కాబట్టి ఇంట్లో ఉన్నవాళ్లే వివరణ ఇచ్చుకోవాలన్న సూత్రం మీద, 2006 నాటి సుప్రీంకోర్టు త్రిముఖ్ మారోతి కిర్కన్ తీర్పు మీద కూడా మాట్లాడారు. ముందు ఆ గంటల్లో బిడ్డ అతని దగ్గరే ఉందని మనం రుజువు చేస్తేనే ఆ సూత్రం కదులుతుంది. గడుల కాగితం అక్కడే అక్కరకొస్తుంది.

ఇంత చెప్పి, కోర్టు భాగానికి ఒక మధ్యాహ్నమే ఇచ్చారు. మాక్ ట్రయల్ (నమూనా విచారణ) టీ వచ్చేసరికి ముగిసింది. నారాయణపేట వైపు నుంచి వచ్చిన మా బ్యాచ్ మిత్రుడు, పంచనామా సాక్షులు, పక్కింటి సాక్షులు పుణేకో, ముంబైకో వలస పోయాక సమన్లు ఎవరికి ఇవ్వాలని అడిగితే నవ్వేసి వదిలేశారు. పాలమూరులో అది నవ్వే సంగతి కాదు. నేను ఇప్పుడు ముఖ్యమైన సాక్షులకు మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం ముందే పెట్టిస్తున్నాను, మేస్త్రీ ఫోన్ నంబరు కూడా కేస్ డైరీలో రాసుకుంటున్నాను.

ఫోల్డర్ 2022 నాటిది. 2024 జులై 1 నుంచి చట్టాలే మారాయి. నంబర్లన్నీ పెన్సిల్‌తో దిద్దుకోవాలి. ఫొటోలను సాక్ష్యంగా పెట్టడానికి పాత సాక్ష్య చట్టంలోని 65-బి బదులు కొత్త సాక్ష్య చట్టంలోని 63వ సెక్షన్ ధ్రువపత్రం, అందులో రెండు భాగాలు. కొత్త ముద్రణ వచ్చిందని విన్నాను, చూడలేదు.

ఇంకో చిక్కు బదిలీలు. మా బ్యాచ్‌లో వచ్చిన డాక్టరు ఏడాది తిరగకుండా వెళ్లిపోయారు. ఒకే జిల్లా నుంచి ఎస్సై, ప్రాసిక్యూటర్, డాక్టరు, పరిరక్షణ అధికారి కలిసి వెళ్తేనే ఇది నిలబడుతుంది. ఒంటరిగా వెళ్లి వచ్చినవాడి లేఖకు ఆసుపత్రిలో జవాబు రాసేవాడు ఉండడు. 1985లో అమెరికాలోని హంట్స్‌విల్‌లో ఒక ప్రాసిక్యూటర్ బాధిత పిల్లల కోసం అన్ని శాఖలనూ ఒక ఇంట్లో కూర్చోబెట్టిన కథ అక్కడ గొప్పగా చెప్పారు. మన తెలంగాణ పోలీసుల భరోసా కేంద్రాల ఆలోచనా దాదాపు అదే. కానీ అక్కడికి ఎక్కువగా లైంగిక నేరాల బాధితులే వెళ్తారు, తొడ విరిగిన ఐదు నెలల బిడ్డ చేరదు.

మీ పేరు జాబితాలో వస్తే వెళ్లండి. వెళ్లేటప్పుడు కోర్టులో వీగిపోయిన పాత కేసు తీర్పు ఒకటి జిరాక్స్ తీసుకుని సంచిలో పెట్టుకోండి. మూడో రోజు భోజనాలయ్యాక ప్రాసిక్యూటర్ల గంట ఉంటుంది, అందరూ కునుకు తీస్తుంటారు. అప్పుడు ఆ కాగితం బయటికి తీసి, ఎక్కడ జారిపోయిందో చెప్పమని అడగండి.