వీపున సంచి, ఎదురుగా గ్రీకు శిథిలాలు: కొన్నేళ్లు తిరిగాక నా సమీక్ష

గ్రీస్‌లో పాత కట్టడాలు చూడాలంటే కారు అద్దెకు తీసుకోవాలా, టూర్ బస్సెక్కాలా, సంచి తగిలించుకుని మామూలు బస్సుల్లో తిరగాలా? జర్మనీలో ఉన్న మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఏటా ఎండాకాలం ముందు ఈ పంచాయితీ లేస్తుంది. నేను మూడో పద్ధతి మనిషిని. ఉద్యోగం మ్యూనిక్‌లో కాబట్టి విమానం టికెట్టు చవగ్గా దొరికినప్పుడల్లా వెళ్లి వస్తుంటాను. మండే జులైలోనూ వెళ్లాను, వానపడే డిసెంబర్‌లోనూ వెళ్లాను. ఇన్నిసార్లు తిరిగాక నాకు తేలిందేమిటంటే, ఏ శిథిలం పక్క ఊళ్లో రాత్రి పడుకున్నానో అదే నాకు నిజంగా దక్కింది. ఏథెన్స్ నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చినవన్నీ ఫోన్లో ఫొటోలుగా మిగిలాయి.

పూర్వం అపోలో దేవుడి భవిష్యవాణి కోసం జనం వెళ్లిన డెల్ఫీ సంగతే చూడండి. ఏథెన్స్ నుంచి 180 కిలోమీటర్లు, బస్సులో మూడు గంటలు. బస్సు లియోసియన్ బస్టాండ్ నుంచి బయల్దేరి, అరాఖోవా అనే కొండ ఊరి ఇరుకు వీధిలో ఎదురొచ్చే బండికి దారిస్తూ పోతుంది. టూరు వాళ్లంతా మధ్యాహ్నం ముందూ వెనకా గుంపులుగా దిగుతారు, గైడు గొడుగెత్తి పట్టుకుంటే దాని వెనకే పరుగు. ఊళ్లో గది తీసుకున్నవాడికి ఆ బాధ లేదు. పది నిమిషాలు నడిస్తే గేటు. ఎనిమిదికి తెరవగానే లోపలికెళితే మనమూ, కాపలా వాళ్లూ, నాలుగు పిల్లులూ.

అందరూ అపోలో గుడి స్తంభాల దగ్గరికి ఎగబడతారు కానీ నాకు దాని కింద ఉన్న గోడంటే ఇష్టం. ఒక్కో రాయి ఒక్కో ఆకారంలో ఉంటుంది, మధ్యలో సున్నం లేకుండా వంపుకు వంపు సరిపోయేలా పేర్చారు. దగ్గరికెళ్లి చూస్తే రాళ్ల నిండా సన్నని అక్షరాలు. బానిసలకు విముక్తి ఇచ్చిన పత్రాలవి, ఎనిమిది వందలకు పైనే ఉన్నాయి. ఫలానా యజమాని ఫలానా బానిసను అపోలో దేవుడికి అమ్మేశాడని రాస్తారు. దేవుడికి అమ్ముడుపోయిన మనిషి మీద ఇంక ఎవడికీ హక్కు ఉండదన్నమాట. కొన్నింటిలో యజమాని బతికున్నంత కాలం అతని దగ్గరే పనిచేయాలన్న మెలిక కూడా పెట్టారు! భవిష్యవాణి చెప్పిన పీఠం గురించి ఎంత చదివినా రాని ఊహ, ఆ గోడ ముందు కాసేపు నిలబడితే వస్తుంది. టూర్ బస్సుల వాళ్లు దీని ముందు ఆగడం నేను చూడలేదు.

ఇంకో సంగతి. 1892లో ఫ్రెంచివాళ్లు తవ్వకాలు మొదలుపెట్టేనాటికి ఈ శిథిలాల మీద కాస్త్రి అనే ఊరుండేది. ఆ ఊరు మొత్తాన్నీ లేపి పక్కకు మార్చారు. ఇప్పుడు మనం గది తీసుకునే డెల్ఫీ ఊరు అదే. నాగార్జునసాగర్ కింద, శ్రీశైలం కింద ముంపు ఊళ్ల కథలు విన్నవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. మ్యూజియంలో రథసారథి కంచు విగ్రహాన్ని వదలకండి. క్రీ.పూ. 470ల నాటిది, కనురెప్పల వెంట్రుకలతో సహా ఉంది. సాయంత్రం టైముంటే ఖ్రిస్సో ఊరి మీదుగా ఆలివ్ తోటల్లోంచి సముద్రం దాకా దిగే కాలిబాట ఉంది. దిగేటప్పుడు హాయి. ఎక్కడం గురించి మాత్రం నన్నడక్కండి.

బస్సుల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ పద్ధతి మొత్తం వాటి మీదే నడుస్తుంది. గ్రీస్‌లో దూరప్రాంత బస్సులను కేటీఈఎల్ అంటారు. మన ఆర్టీసీలా ఒకే సంస్థ కాదు. జిల్లాకొకటి చొప్పున బస్సు యజమానులు కలిసి నడుపుకునే సంఘాలివి. కాబట్టి దేశమంతటికీ కలిపి ఒక టైంటేబుల్ ఉండదు, ఏ జిల్లా బస్సుకు ఆ జిల్లా వెబ్‌సైటే చూసుకోవాలి. ఏథెన్స్‌లో పెలొపొనీస్ (గ్రీస్ దక్షిణాన ఉన్న ద్వీపకల్పం) వైపు బస్సులన్నీ కిఫిసోస్ బస్టాండ్ నుంచి పోతాయి. అక్కడికి సిటీ బస్సులో వెళ్లాలి. లోపల ఊరికొక కిటికీ, మన కిటికీ ఏదో వెతుక్కోవడానికి పది నిమిషాలు చేతిలో ఉంచుకోండి. బస్సులు బాగుంటాయి, టైముకే కదులుతాయి, సంచి కింద డిక్కీలో వేస్తారు. లోపల టాయిలెట్ ఉండదు, దారిలో ఒకచోట కాఫీకి ఆపుతారు. ఆదివారం బస్సులు సగానికి సగం తగ్గిపోతాయి. అందుకే ఏ చిన్న ఊళ్లో దిగినా ముందు తిరుగు బస్సు ఎప్పుడో డ్రైవర్నే అడిగి తెలుసుకోవడం నాకలవాటు. రైలు మీద ఆశ పెట్టుకోకండి, పెలొపొనీస్‌లో పాత మీటర్ గేజ్ రైళ్లను 2011లోనే దాదాపుగా ఆపేశారు.

ఇక ఆక్రోపోలిస్, ఏథెన్స్ నడిబొడ్డున పాత గుళ్లున్న కొండ. చూడకుండా రాలేం, నిజమే. క్రీ.పూ. 447లో మొదలుపెట్టిన అక్కడి పార్థినాన్ గుడి, మధ్యలో ఒక పెద్ద అగ్నిప్రమాదం చూసినా, 1687 దాకా చాలావరకు నిలిచే ఉంది. ఆ ఏడాది, తుర్కులు గుడి లోపల దాచిన తుపాకి మందు మీద వెనీస్ సైన్యం ఫిరంగి గుండు పడి గుడి నడుమ పేలిపోయింది. ఇప్పుడు 2025 నుంచి టికెట్టు 30 యూరోలు. అంతకుముందు అదే 30కి ఏథెన్స్‌లోని మిగతా పాత స్థలాలు కూడా కలిపి చూపించేవారు, ఆ కలగలుపు టికెట్టు తీసేశారు. నాకిది అన్యాయంగానే అనిపిస్తుంది. రోజుకు 20,000 మందికే అనుమతి, గంటల వారీగా స్లాట్ బుక్ చేసుకోవాలి. పెద్ద సంచి పైకి తీసుకెళ్లనివ్వరు, గేటు దగ్గర అప్పజెప్పాలి. ఈమధ్య వేసిన సిమెంటు బాట మీద నడక సుఖమే కానీ, దాన్ని దాటితే శతాబ్దాలుగా కాళ్లు పడి నున్నబడ్డ చలువరాయి. వాన చినుకు పడిందంటే కొత్త షూ అయినా జారాల్సిందే. మొత్తానికి ఒకసారి చాలు. మళ్లీ వెళ్లినప్పుడు నేను ఎదురుగా ఉన్న ఫిలోపాపోస్ గుట్ట ఎక్కి కూర్చుంటాను. టికెట్టు లేదు, సాయంత్రం వెలుగులో పార్థినాన్ నిండుగా కనిపిస్తుంది. జనం లేని చోటు కావాలంటే కెరామైకోస్ పాత శ్మశానం ఉంది, సమాధి రాళ్ల మధ్య తాబేళ్లు తిరుగుతుంటాయి.

కొండ కింద ఉన్న ఆక్రోపోలిస్ మ్యూజియం మాత్రం ప్రతిసారీ వెళ్తాను. 2009లో తెరిచారు. పై అంతస్తును అసలు గుడి ఏ దిక్కుకు తిరిగి ఉందో అదే దిక్కుకు తిప్పి కట్టారు. గుడి చుట్టూ ఉండాల్సిన శిల్పాల వరుస అక్కడ అదే క్రమంలో ఉంటుంది. తమ దగ్గరున్నవి తేనెరంగు రాళ్లు. ఎల్గిన్ అనే బ్రిటిష్ ప్రభువు పట్టుకెళ్లగా లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవాటి చోట తెల్లటి ప్లాస్టర్ నకళ్లు పెట్టారు. ఏది పోయిందో ఎవరూ నోరు తెరిచి చెప్పక్కర్లేదు, రంగే చెబుతుంది. తెలుగువాళ్లం ఈ గదిని ఊరికే దాటి రాలేం. మన అమరావతి స్తూపం రాళ్లు కూడా అదే బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి కదా. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి మద్రాసుకు పంపినవి, ఆ తర్వాత లండన్ చేరినవి. ఎల్గిన్ మార్బుల్స్‌ను తలపించేలా వాటికి ఎలియట్ మార్బుల్స్ అని పేరు కూడా పెట్టారు, అవి పలనాటి సున్నపురాయి అయినా సరే. ఏథెన్స్ వాళ్లు తమ ఖాళీని కూడా ప్రదర్శనకు పెట్టుకున్నారు. ఆ పట్టుదల మనకెందుకు రాలేదా అని ఆ గదిలోకి వెళ్లినప్పుడల్లా అనుకుంటాను.

పెలొపొనీస్ తూర్పు వైపుకు నాఫ్ప్లియో ఊరిని మకాం చేసుకోండి. సముద్రం ఒడ్డున ఉంది, ఏథెన్స్ కన్నా ముందు కొత్త గ్రీస్‌కు రాజధాని అదే. బరువు సంచి గదిలో పడేసి చిన్న సంచితో మైసీని పాత కోట, ఎపిడారస్ రంగస్థలం రెండూ చూసి రావచ్చు. మైసీనికి నేరు బస్సు దొరక్కపోతే ఏథెన్స్ బస్సులో ఫిఖ్తి దగ్గర దిగి నడుస్తాను, నాలుగు కిలోమీటర్ల లోపే. సింహద్వారం క్రీ.పూ. 1250 ప్రాంతం నాటిది, అందరూ ఫొటో దిగేది అక్కడే. కానీ నన్ను నోరెళ్లబెట్టేలా చేసింది కొంచెం కింద ఉన్న అట్రియస్ సమాధి. గుమ్మం మీది అడ్డరాయి ఒక్కటే దాదాపు 120 టన్నులు. లోపల పదమూడు మీటర్లకు పైగా ఎత్తున్న గుమ్మటం, తేనెపట్టు ఆకారంలో. ఇదీ అదే టికెట్టు మీద చూడొచ్చు, చాలామంది తెలియక వదిలేసి పోతారు. మైసీని కోట లోపలి సమాధుల్లో దొరికిన బంగారు ముసుగు మాత్రం ఏథెన్స్ జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉంది.

ఎపిడారస్ రంగస్థలంలో కాసేపు కూర్చుంటే ఒక తమాషా చూడొచ్చు. ప్రతి గుంపు గైడూ నడిమధ్యకెళ్లి నాణెం జారవిడుస్తాడు, పైవరుసల్లో ఉన్నవాళ్లు చప్పట్లు కొడతారు. 2017లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ విశ్వవిద్యాలయం వాళ్లు పరికరాలతో కొలిచి చూశారు. చప్పుడు అంతటా అందుతుంది కానీ అది నాణెమేనని పోల్చుకోగలిగేది సగం వరుసల దాకానేనట, గుసగుస అయితే ముందు వరుసకే. నా చెవులకూ అంతే అనిపించింది. అయినా దాని గొప్పతనానికేం లోటు లేదు. 55 వరుసలు, పద్నాలుగు వేల మంది దాకా పడతారు. వేసవిలో శుక్ర, శనివారాల రాత్రి అక్కడ పాత నాటకాలు ఆడతారు, వీలైతే ఆ టికెట్టు కొనండి. గొంతెత్తి మాట్లాడుతున్న నటుడి మాట పై వరుసలో కూర్చున్న నాకు స్పష్టంగా వినిపించింది, ఏ నాణెమూ అక్కర్లేకుండా. మన అనుపులో, నాగార్జునకొండ నుంచి తెచ్చి మళ్లీ పేర్చిన ఇక్ష్వాకుల కాలం నాటి ప్రదర్శనశాల మెట్ల మీద కూర్చున్నవాళ్లకు ఇది ఇంకాస్త ఎక్కువ నచ్చుతుంది. దాని కన్నా చాలా పెద్దదనుకోండి.

పాత ఒలింపిక్ ఆటలు జరిగిన ఒలింపియాకు పిర్గోస్ ఊళ్లో బస్సు మారాలి. దగ్గర్లోని కటాకోలో రేవులో టూరిస్టుల ఓడ ఆగిన రోజు జనం కిటకిట, ఆగని రోజు ప్రశాంతం. అందుకే ఓడల టైంటేబుల్ చూసి మరీ వెళ్తాను. 192 మీటర్ల పరుగు బాట, మొదట్లో కాలివేళ్లు ఆనించడానికి గాడులు కోసిన రాళ్లు. అక్కడ పరిగెత్తనివ్వరేమో అనుకోకండి, అందరూ పరిగెడతారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ప్రాచీన మెస్సీనీ. కలమాటా నుంచి ముప్పై కిలోమీటర్ల దూరం, బస్సులు చాలా తక్కువ. బహుశా అందుకే ఖాళీగా ఉంటుంది. స్పార్టా వాళ్ల కింద తరతరాలుగా వెట్టిచాకిరీ చేసిన జనానికి, తీబ్స్ నగర సేనాని ఎపమినోండాస్ క్రీ.పూ. 369లో కట్టించి ఇచ్చిన నగరమిది. తొమ్మిది కిలోమీటర్ల కోటగోడ కొండ మీద నుంచి లోయలోకి దిగుతుంది. దాని ఆర్కేడియా ద్వారంలోంచి ఇప్పటికీ ఊరి రోడ్డు వెళ్తుంది, కార్లు అందులోంచే పోతాయి. 1980ల నుంచి పెట్రోస్ తెమెలిస్ అనే పురావస్తు శాస్త్రవేత్త దశాబ్దాల పాటు తవ్వించి, పడిన స్తంభాలను మళ్లీ నిలబెట్టించాడు. 2023లో పోయాడు. స్టేడియం, రంగస్థలం, సంత, సమాధులు అన్నీ ఒకచోట ఉండటంతో ఊరంటే ఎలా ఉండేదో తెలుస్తుంది. పైనున్న మవ్రోమాతి ఊళ్లో ఊట నీళ్లు పట్టుకుని కిందికి దిగితే అడ్డుపడే తాళ్లు తక్కువ, ఈల వేసే కాపలా వాళ్లూ తక్కువే. ఆక్రోపోలిస్ మీద రాయి తాకితే చాలు ఈల వినిపిస్తుంది మరి.

తిండికి శాకాహారులు భయపడక్కర్లేదు. వాళ్ల చర్చి ఉపవాసాల్లో మాంసం, పాలు, గుడ్లు ఏవీ ముట్టరు కాబట్టి హోటళ్లలో అలాంటి వంట ఎప్పుడూ ఉంటుంది. పాలకూర అన్నం, టమాటాల్లో అన్నం కూరి వండినది, పెద్ద చిక్కుడు గింజల కూర. కారం ఉండదు, మీ ఆవకాయ సీసా మీరు తెచ్చుకోవాల్సిందే. బస్టాండ్లలో నువ్వులద్దిన గుండ్రటి రొట్టె కులూరి దొరుకుతుంది, చవక. ఏథెన్స్‌లో కుళాయి నీళ్లు తాగొచ్చు, చిన్న దీవుల్లో మాత్రం తాగకండి.

సామాను గురించి ఎక్కువ చెప్పను. 40 లీటర్ల సంచి చాలు. అంతకన్నా పెద్దది మోస్తే ప్రతిచోటా దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే పని అవుతుంది. నా మొదటి సంచి నడుము పట్టీ కుట్లు రెండో వేసవికే ఊడాయి, కంపెనీ వాడు మార్చి ఇవ్వలేదు. తర్వాత బ్రాండ్ చూడకుండా కుట్లు లాగి చూసి కొన్నది ఇంకా నడుస్తోంది. షూకు రబ్బరు అడుగు తప్పనిసరి. ఎక్కడపడితే అక్కడ గుడారం వేయడం చట్టరీత్యా నేరం. డెల్ఫీ దగ్గర డబ్బు కట్టి వేసుకునే చోట్లున్నాయి.

కాలం సంగతి. రామగుండం ఎండ చూసినవాళ్లం, ఏథెన్స్ ఎండ ఒక లెక్కా అనుకుంటాం. తెల్లరాయి మీద పడి తిరిగి మొహాన కొట్టే ఎండ వేరు. బాగా ముదిరితే మధ్యాహ్నం పన్నెండు నుంచి ఐదు దాకా ఆక్రోపోలిస్ మూసేస్తున్నారు కూడా. ఆగస్టు 15 వాళ్లకు పెద్ద పండగ, బస్సుల్లో చోటుండదు. చలికాలం చల్లగా, ఖాళీగా ఉంటుంది కానీ చాలా చోట్ల మూడు, మూడున్నరకే గేటు వేసేస్తారు. నా లెక్కలో అక్టోబర్ ఉత్తమం. అక్టోబర్ 28న ప్రభుత్వ స్థలాలన్నీ ఉచితం, ఆ రోజు బస్సులు మాత్రం సెలవు రోజు లెక్కన తిరుగుతాయి.

ఈ పద్ధతికి లొంగనిది ఒకటి మిగిలింది. బస్సే (Bassae) అనే చోట 1,100 మీటర్ల ఎత్తున కొండల్లో అపోలో గుడి ఉంది. గ్రీస్‌లో యునెస్కో జాబితాకెక్కిన మొట్టమొదటిది, 1987 నుంచి పెద్ద గుడారం కింద కప్పి ఉంచారు. దాని శిల్పాలూ లండన్‌లోనే. దగ్గరి ఊరు ఆండ్రిత్సేనా నుంచి 14 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, బస్సు లేదు. దానికి మాత్రం కారు తీసుకుంటాను. వాట్సాప్ గ్రూపులో ఎవరికీ చెప్పకండి.