కార్లొవీ వారీ ఊటనీళ్లు: ఏ కొళాయితో మొదలుపెట్టాలి?

ఊటనీళ్లను వైద్యంగా తాగే చెక్ పట్టణం కార్లొవీ వారీకి వెళ్లినవాళ్లు ముందు ‘వ్రీడ్లో’ అనే వేడినీటి బుగ్గ దగ్గరికే పరుగెడతారు. 73 డిగ్రీల నీళ్లు 12 మీటర్ల దాకా ఎగజిమ్ముతుంటే చూడముచ్చటే, కాదనం. తాగడం మాత్రం అక్కడ మొదలుపెట్టకండి. సాదొవా మండపంలో కంచుపాము నోట్లోంచి కారే ఊట సుమారు 30 డిగ్రీలే. లవణాలూ తక్కువే, నాలుక తట్టుకుంటుంది.

ఆ తర్వాత మ్లిన్స్కా మండపం. 1881లో పూర్తయిన 124 స్తంభాల కట్టడం, ఐదు ఊటలు ఇక్కడే. నీళ్లకు డబ్బు తీసుకోరు. రుచి? వేడి ఉప్పునీళ్లలో ఇనుప మేకు నానేసినట్టుంటుంది. ఊటల మధ్య అసలు తేడా వేడిలోనూ గ్యాస్‌లోనూ ఉంది: నీళ్లు చల్లబడేకొద్దీ కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ నిలుస్తుంది. చల్లటి ఊట విరేచనం సాఫీ చేస్తుందని, వేడిది జీర్ణరసాల ఊరుదల నెమ్మదింపజేస్తుందని అక్కడి వైద్యుల లెక్క. అందుకే ఏ ఊట, ఎంత, ఎప్పుడు అన్నది చీటీ మీద రాసిస్తారు.

చీటీ లేకుండా వెళ్తే రెండు మూడు గుక్కలతో ఆపండి. లీటరులో సుమారు 6.4 గ్రాముల లవణాలు, అందులో సోడియమే 1.7 గ్రాములు. పెద్దలకు రోజు మొత్తానికి 2 గ్రాముల సోడియం మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు. పైగా సల్ఫేటు దండిగా ఉంది. ఆత్రంగా అన్ని కొళాయిలూ రుచిచూస్తే మధ్యాహ్నమంతా బాత్రూం వెతుక్కోవడమే.

అక్కడ అమ్మే పింగాణీ కప్పు చూస్తే మన ఉగ్గుగిన్నె గుర్తొస్తుంది. కాడే గొట్టం, దాంతోనే పీల్చాలి. సన్నటి దారిలో నీళ్లు కాస్త చల్లారతాయి, ముందుపళ్లకు మరకా తగలదు. బంగారు పూతవి వదిలేసి, కాడ రంధ్రం వెడల్పున్నది ఏరుకోండి. ఇరుకుదైతే లోపల గార కట్టి మూసుకుపోతుంది. కడితే వెనిగర్‌లో నానబెట్టండి. నింపేటప్పుడు కప్పు అంచు కొళాయికి ఆనించకూడదు. మెల్లగా నడుస్తూ చప్పరించాలి, గటగటా తాగేవి కావు.

సీసాలో పట్టుకెళ్లడం దండగ. గ్యాస్ ఎగిరిపోగానే కాల్షియం, ఇనుము గోధుమరంగు మడ్డిగా అడుగున చేరతాయి. దుకాణాల్లో రాతి గులాబీలని అమ్మేవి, ఈ నీళ్ల కింద పెట్టి ఆ మడ్డి కట్టించిన కాగితం పువ్వులే.