గవర్నర్‌పేటలో కుట్టించిన సవోయ్ గార్డుల కోటు, జెండా

మా కళాశాల చరిత్ర ప్రదర్శన కోసం, ఇటలీలోని ట్యూరిన్ నగర ముట్టడి జరిగిన 1706 నాటి, ఆ నగరాన్ని ఏలిన సవోయ్ డ్యూకుల గార్డుల రెజిమెంటు సైనికుడి కోటును, దానితోపాటు ఒక జెండాను తయారు చేయించే పని నా మీద పడింది. విజయవాడ గవర్నర్‌పేటలో పౌరాణిక నాటకాలకు దుస్తులు అద్దెకిస్తూ, అడిగితే కొత్తవి కుట్టిపెట్టే ఒక పాత దుకాణానికి వెళ్ళాను. లోపాలు కూడా రాయవలసి ఉన్నందున దాని పేరు చెప్పడం లేదు.

ఈ రెజిమెంటును 1659లో సవోయ్ డ్యూకు రెండవ కార్లో ఇమాన్యుయేలె ఏర్పాటు చేశాడు. తక్కిన పదాతి దళాలలో చాలా వాటికి రంగు వేయని బూడిదవన్నె ఉన్ని కోట్లు ఉండగా, గార్డులకు నీలం కోటు, ఎర్రని చేతిమడతలు ఉండేవి. దుకాణంలోని మాస్టరుగారు నా బొమ్మలను శ్రద్ధగానే చూశారు గాని, వారం తరువాత తొలి కొలతకు వెళ్ళేసరికి భుజాల మీద బంగారు కుచ్చుల పట్టీలు వేలాడుతున్నాయి. అచ్చం పెళ్ళి ఊరేగింపులోని బ్యాండ్‌మేళం కోటు! ఆ కాలపు సామాన్య సైనికుడికి అవి లేవని చెప్పగానే, "అవి లేకపోతే స్టేజీ మీద ఏం కనిపిస్తుందండీ?" అని నొచ్చుకుంటూనే విప్పారు.

కోటు నడుము కింది భాగం మాత్రం ఆయన పనితనానికి నిదర్శనం. ఆనాటి కోటుకు రెండు పక్కలా తుంటి దగ్గర ఒక గుండీ, దాని కింద విసనకర్రలా విచ్చుకునే మడతలు ఉంటాయి; గుడ్డలో ఎక్కువ భాగం వాటికే పోతుంది. నేను కాగితం మీద లెక్కలు వేస్తుండగానే ఆయన చీర కుచ్చిళ్ళు పోసినట్లు వేళ్ళతో మడిచి, గుండుసూదులతో నిలబెట్టి చూపించారు. ఆ మడతలు నడిస్తే విచ్చుకుంటాయి, నిలబడితే ముడుచుకుంటాయి. అంచుల విషయంలో నేనే రాజీపడ్డాను. ఆ రోజుల్లో నేసిన ఉన్నిని తడిపి తొక్కి దట్టంగా బిగించేవారు కనుక పోగులు ఊడేవి కావు, అంచును కత్తిరించి అలాగే వదిలేసేవారు. మనకు దొరికే బ్లేజరు గుడ్డ అంతటి దట్టమైనది కాదు. అంచు మడవక తప్పలేదు.

జెండా దగ్గరే నిజమైన పేచీ వచ్చింది. సవోయ్ వంశపు చిహ్నం ఎర్రని నేల మీద తెల్లని శిలువ. దుకాణంవారు మెరిసే పాలిస్టరు శాటిన్ మీద తెల్ల గుడ్డను అతికించి మిషను కుట్టు వేసి ఇచ్చారు. వెనక్కి తిప్పితే శిలువే లేదు. జెండా రెండు వైపులా కనబడాలంటే నాలుగు ఎర్ర ముక్కలను, తెల్ల పట్టీలను అంచుకు అంచు కలిపి చేత్తో కుట్టాలి. సవోయ్ డ్యూకులు ఏలిన పీడ్మాంట్ ప్రాంతపు పట్టు నూలుకు ఐరోపా అంతటా పేరుండగా వారి జెండాను పాలిస్టరుతో చేయడం నాకు మనస్కరించలేదు. వన్‌టౌన్‌లో పట్టు గుడ్డ కొని తెచ్చి మళ్ళీ చేయించాను. దుకాణంలో చేతికుట్టు పనిచేసే పెద్దావిడ రెండు అంచులనూ ఒకదానిలో ఒకటి మడిచి కుట్టిన తీరు ఎంత సన్నగా ఉందంటే, వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే గాని అతుకు తెలియదు. ఆ ఎరుపు కోసం మచిలీపట్నం వైపు అద్దకంలో వాడుతూ వచ్చిన చిరివేరు (ఒక మొక్క వేరు నుంచి తీసే ఎరుపు) రంగు వేయించాలని మొదట అనుకున్నాను, వ్యవధి చాలలేదు.

గుడ్డలు కాక కుట్టుకూలి 9,000 రూపాయలు తీసుకున్నారు, జెండాను రెండోసారి కుట్టినందుకు అదనంగా అడగలేదు. పది రోజులన్న పని ఇరవై నాలుగు రోజులు పట్టింది. పాత కాలపు దుస్తులు కుట్టించుకోదలచినవారు వెనక వైపు బొమ్మ కూడా తీసుకువెళ్ళండి, కత్తిరింపు రోజున దగ్గర కూర్చోండి, గుండీలు మీరే కొనుక్కోండి. అక్కడ ఉన్నవన్నీ తళతళలాడే ప్లాస్టిక్‌వే.